వార్సా పాతపట్టణములో ఒక నడక



పురాతన పట్టణమనగానే కాలము చెల్లిన గోడలు, నాచు పట్టిన మెట్లు, తాతముత్తాతల నాటి తలుపులు మన మనస్సునకు వచ్చును. యూరోపు ఖండములో పోలండు దేశపు రాజధానియగు వార్సా నగరమున, విస్తులా నది యొడ్డున, పాతపట్టణమని పిలువబడు పేట యొకటి కలదు. దానిని చూచుటకై దేశదేశములనుండి జనులు వచ్చుచుందురు. వీథులు ఇరుకు. ఇండ్లు ఒకదాని భుజమున కొకటి ఆనుకొని నిలిచియున్నవి. కప్పులకు ఎర్రని పెంకులు, గోడలపై రంగుల చిత్రములు. చూచినవారు ఇది నాలుగైదువందల యేండ్లనాటిదని నిస్సంశయముగా చెప్పుదురు. కాని అందు పెక్కిండ్ల గోడలు 1953కు రెండు మూడేండ్ల ముందు లేచినవి. ఈ ప్రసంగము వినుచున్న మీలో కొందరు ఆ యిండ్లకంటె వయస్సున పెద్దవారై యుందురు.

అయినచో అది బూటకపు పట్టణమా యని మీరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రము ఒక్క ముక్కలో చెప్పుటకు వీలులేనిది. అక్కడి మార్గదర్శకుల వెంట రెండు గంటలు నడచినయెడల ఏ రాయి పాతదో, ఏ రాయి క్రొత్తదో, క్రొత్తదానిని పాతదానివలె ఎవరు, ఎందుకు కట్టిరో కొంత బోధపడును. కావున ఈ పూట మిమ్ములను ఆ నడకకు పిలుచుచున్నాను. దూరమునకు భయపడవలదు. ఊరిని ఈ కొననుండి ఆ కొనకు పావుగంటలో దాటవచ్చును. నిలిచి వినుటకే కాలము పట్టును.

మార్గదర్శకులు గొడుగొకటి పైకెత్తి పట్టుకొని, యాత్రికులను సాధారణముగా రాజకోట యెదుటి చౌకులో ఒక పెద్ద స్తంభము క్రింద సమకూర్చుదురు. స్తంభము పొడవు విగ్రహముతో కూడ 22 మీటర్లు. మన ఎత్తయిన తాటిచెట్టుకు తీసిపోదు. దాని శిఖరమున ఒక చేత శిలువయు, రెండవచేత కత్తియు పట్టి నిలిచినవాడు మూడవ సిగిస్మండు రాజు. రాజధానిని క్రాకోవు నగరమునుండి వార్సాకు మార్చినవాడు ఈతడే. ఈతని కుమారుడు వ్లాదిస్లావు 1644లో తండ్రి జ్ఞాపకార్థము ఈ స్తంభమును నిలిపెను. మొదటి కంబము ఎండవానలకు పాడుకాగా 1880 తరువాత నల్లరాతి కంబము నొకటి మార్చి పెట్టిరి. దానిని 1944 సెప్టెంబరులో జర్మను సేనలు పడగొట్టినవి. పడిన రాజు దెబ్బలు తినెను గాని పూర్తిగా పగిలిపోలేదు. 1949లో మూడవ కంబమును చెక్కించి, అదే రాజును బాగుచేసి, మరల పైకెక్కించిరి. అనగా పైనున్న రాజు పాతవాడే, క్రిందనున్న స్తంభము క్రొత్తది. పడిపోయిన రెండు కంబములును కోట ప్రక్కన నేలమీద పరుండియున్నవి. పిల్లలు వానిపై ఎక్కి ఆడుదురు. ఊరి కథయంతయు ఆ మూడు కంబములలోనే యున్నదని నాకు తోచును.

ఇక ఆ కథ. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండుపై దండెత్తెను. ఆ నెల ముగియకముందే వార్సా లొంగిపోయెను. ఐదేండ్ల పరాయి పాలన తరువాత, 1944 ఆగస్టు 1న నగరవాసుల రహస్యసేన తిరుగబడెను. ఆ పోరు 63 దినములు సాగెను. పాతపట్టణములో నున్నవారు సుమారు నెలదినములు ముట్టడిని తాళిరి. ఇక నిలువలేని స్థితి వచ్చినప్పుడు సుమారు 5 వేలమంది మురుగుకాలువల సొరంగములలో దిగి, చీకటిలో నడుములు వంచి, ఒకరి నొకరు పట్టుకొని, వేరొక పేటలోనికి తప్పించుకొనిరి. కదలలేని క్షతగాత్రులను వెనుక విడిచిపోక తప్పలేదు. వారిలో పెక్కురను శత్రువులు చంపిరి. నగరము మొత్తము మీద ఆ రెండు నెలలలో మృతులైన సామాన్య ప్రజలు లక్షన్నరకు తక్కువ కారు.

యుద్ధములో ఊళ్లు కూలుట వింత కాదు. వార్సాలో వింత యేమనగా, పోరు ముగిసిన తరువాత కూల్చుట సాగెను. అక్టోబరు 2న తిరుగుబాటుదారులు ఆయుధములు క్రిందపెట్టిరి. మిగిలిన జనులనందరిని ఊరినుండి వెడలగొట్టిరి. మనుష్యుడు లేని నగరములో ప్రత్యేక దళములు వీథివెంట వీథి తిరిగి ఇండ్లకు నిప్పు పెట్టినవి, పెద్ద కట్టడముల పునాదులలో మందు దట్టించి పేల్చినవి. ఆ నెలలోనే గ్రంథాలయములనుండి ఏర్చి ఒకచోట చేర్చిన అమూల్యములగు వ్రాతప్రతులను తగులబెట్టిరి. 1945 జనవరి 17న సోవియటు సేనయు, దానితో పోలండు సేనయు ప్రవేశించునప్పటికి, పురాతన పట్టణభాగములో నూటికి 85 పాళ్లకు మించి నేలమట్టమై యుండెను. ఇండ్లను కూల్చుటయే కాదు, ఇక్కడ ఒక జాతి యుండెనను గురుతును తుడిచివేయుట ఉద్దేశము. ఈ సంగతి మనస్సున పెట్టుకొనకుండ ఆ తరువాతి పనిని విమర్శించుట సరికాదు.

కూలిన ఊరిని ఉన్నదున్నట్లు కట్టుటకు కొలతలు కావలెను గదా! పూర్వము మన గ్రామములలో గట్టు తెగిపోయినచో కరణముగారి దస్తరము విప్పి, ఏ మళ్ల హద్దు ఎక్కడ నుండెనో తేల్చుకొనుచుండెడివారు. వార్సాకును అట్టి దస్తరమొకటి యుండెను. యుద్ధమునకు ముందే అక్కడి సాంకేతిక విద్యాలయములో ఓస్కారు సోస్నోవ్‌స్కి అను ఆచార్యుడు తన శిష్యులచేత దేశములోని పాత కట్టడములను కొలిపించి పటములు గీయించెను. ఏ పిల్లవాడు ఏ యింటి ద్వారబంధమును కొలిచెనో, ఆ కొలత ఎందుకు పనికివచ్చునో నాడెవరికి తెలియును? 1939 ముట్టడిలో ఆచార్యుడు ఆ సేకరణను కాపాడు ప్రయత్నములో గాయపడి కన్నుమూసెను. తరువాత ఆయన సహచరులు పటములను దాచుచు వచ్చిరి. 1944లో నగరము ఖాళీ చేయబడిన పిమ్మట, శిథిలములలోనికి పోవుటకు కొందరు పండితులకు అనుమతి దొరకెను. వారు ఆ పటములను వెలికితీసి పియొత్రుకూవు అను ఊరిలోని క్రైస్తవ సన్యాసుల మఠమునకు చేర్చి, అందలి సమాధిగదులలో దాచిరి. 1945లో అవి తిరిగివచ్చినవి. ఇండ్లు పోయినవి, ఇండ్ల కొలతలు మిగిలినవి.

స్తంభమునుండి పది అడుగులు వేసినచో రాజకోట. ఇటుకరంగు పూసిన పొడవైన గోడలు, నడుమ గడియారపు గోపురము. 1791 మే 3న పోలండు దేశపు వ్రాతపూర్వకమైన రాజ్యాంగము ఇందలి సభామందిరముననే అంగీకరింపబడెను. యూరోపులో అట్టివానిలో అది మొదటిదని చెప్పుదురు. 1939 సెప్టెంబరు 17న బాంబులు పడి కోట అంటుకొన్నప్పుడు గోపురపు గడియారము 11 గంటల 15 నిమిషములకు నిలిచిపోయెను. కోటలోని వస్తువులను కాపాడు అధికారి కజిమియెజు బ్రోక్లు ఆ దినముననే అక్కడ హతుడయ్యెను. కోటను పేల్చివేయుటకు జర్మనులు ఆ యేడే గోడలకు రంధ్రములు తొలిపించిరి. అది చూచి స్టానిస్లావు లోరెంట్సు అను వస్తుప్రదర్శనశాలాధ్యక్షుడును, ఆయన తోడివారును ప్రాణములకు తెగించి చిత్రపటములు, తలుపులు, నేలచెక్కలు, చెక్కడపు రాళ్లు, తుదకు గోడసున్నపు ముక్కలు సైతము ఊడదీసి మోసికొనిపోయి దాచిరి. పగిలిన సున్నపు ముక్కను దాచినవానిని చూచి నాడు నవ్వినవారుందురు. 1944 సెప్టెంబరులో కోట పేల్చబడెను. కొన్ని గోడతునకలు మాత్రము మిగిలినవి.

పాతపట్టణమువలె కోట వెంటనే లేవలేదు. ఇరువదియేండ్లకు పైగా అక్కడ ఖాళీస్థలముండెను. అప్పటి ప్రభుత్వమునకు రాజుల కోటపై ప్రీతి తక్కువ. 1971 జనవరిలో కట్టుటకు నిశ్చయమయ్యెను, డబ్బు ప్రజల చందాలనుండి వచ్చెను. దేశములోనివారే గాక విదేశములలో స్థిరపడిన పోలులును పంపిరి. 1974 జులై 19న ఉదయము 11 గంటల 15 నిమిషములకు గడియారము మరల నడువసాగెను. లోపలి గదులు 1984లో జనులకు తెరువబడినవి. పాత కొలతలతో కట్టిన క్రొత్తగోడలో, దాచియుంచిన పాత రాతిముక్కలను వాని వాని చోట్లలో పొదిగిరి. మార్గదర్శకుడు వ్రేలు చూపి, నల్లబడిన ఆ ముక్క పాతది, దాని చుట్టునున్న తెల్లనిది క్రొత్తది, అని చెప్పును. పాతక్రొత్తలను ఈ విధముగా కలిపియు, భేదము దాచకుండుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి.

ఇక్కడ ఒక వాదమును చెప్పవలెను. పాతదానిని పాతదిగా కాపాడవలెను గాని, పడిపోయినదానిని అచ్చు పాతదానివలె మరల కట్టరాదని నాటి యూరోపు పండితుల మతము. అట్లు కట్టినచో చరిత్రకు కల్ల సాక్ష్యము చెప్పినట్లగునని వారి యభిప్రాయము. శిథిలములను అట్లే స్మారకముగా విడిచి, రాజధానిని లోజ్ నగరమునకు మార్చుద మన్నవారును ఉండిరి. కాని 1945లో ఏర్పడిన రాజధాని పునర్నిర్మాణ కార్యాలయములో పురాతన కట్టడముల శాఖకు పెద్దయగు యాన్ జాహ్వాతోవిచ్ దీనికి సమ్మతింపలేదు. శాస్త్రరీత్యా తాము చేయుచున్నది దోషమని ఎరిగియే, ఒక జాతి గురుతులను బుద్ధిపూర్వకముగా తుడిచివేయగా ఊరకుండుట అంతకంటె పెద్ద దోషమని ఆయన వాదించెను. మనవారు శిథిలాలయమును జీర్ణోద్ధారము చేయునప్పుడు రాయి మారినను దేవుడు మారడని తలంతురు గాన, ఆయన మాట మనకు వింతగా తోచదు. కాని దేవాలయమునకు శాస్త్రమున్నది, ప్రతిష్ఠ యున్నది. వీథికిని, అంగడికిని, పెరటిగోడకును ఏమి శాస్త్రమున్నది? అందుచేత అడుగడుగునను నిర్ణయము చేయవలసివచ్చెను. ఆ నిర్ణయములలో కొన్ని పాతదానిని దిద్దినవి కూడ.

కోటను విడిచి ఇరుకు వీథిలో సాగినచో పవిత్ర యోహాను పేరిట ప్రధానదేవాలయము వచ్చును. దాని ముఖభాగము ఎర్రని ఇటుకలతో కోసుగా, నిరాడంబరముగా నుండును. ఎన్నో శతాబ్దముల క్రిందటిదని యాత్రికులు అనుకొందురు. నిజమేమనగా యుద్ధమునకు ముందు ఇక్కడ ఇట్టి ముఖము లేదు. పందొమ్మిదవ శతాబ్దములో కట్టిన నగిషీల ముఖము ఉండెను. అది కూలిన పిమ్మట దానిని మరల కట్టక, అంతకు పూర్వము ఇక్కడ ఇట్లుండియుండునని ఊహించి ఈ ఇటుక ముఖమును కట్టిరి. తాతలు చూచిన గుడికాదు, ముత్తాతల ముత్తాతలు చూచియుండవచ్చునను గుడి! ఈ స్వేచ్ఛ నాకంతగా రుచింపదు. ప్రక్కసందులోనికి పోయినచో దేవాలయపు వెలుపలి గోడలో తుప్పుపట్టిన ఇనుపపట్టీ యొకటి అమర్చబడి యున్నది. పేలుడుమందు నింపి, మనిషి లేకుండ దూరమునుండి నడిపించి, ఈ గుడిగోడను పడగొట్టుటకు పంపిన యంత్రశకటపు గొలుసని దానిపై వ్రాసియున్నది. గోడలు ఊహించి కట్టవచ్చును గాని, ఈ గొలుసును ఎవరును ఊహించి చేయలేదు.

అక్కడనుండి బజారుచౌకు. నాలుగువైపులను మూడు నాలుగంతస్తుల యిండ్లు, నడుమ రాళ్లు పరచిన మైదానము, అందులో కత్తియు డాలును పట్టిన మత్స్యకన్య. ఆమె ఈ నగరపు ముద్ర. 1855లో పోతపోసిన అసలు విగ్రహమును ఎండవానలనుండియు, ఆకతాయులనుండియు కాపాడుటకై వస్తుప్రదర్శనశాలలో నుంచి, 2008లో నకలును ఇక్కడ నిలిపిరి. ఇండ్లను 1953 జులై 22న జనులకు అప్పగించిరి. మేస్త్రీలు, విద్యార్థులు, ఉద్యోగులు, ఊరివారు చేతులు మారుచు ఇటుకలు అందించి శిథిలములు ఎత్తిరి.

ఈ చౌకులో మార్గదర్శకులు తరచుగా ఒక కథ చెప్పుదురు: పదునెనిమిదవ శతాబ్దములో వార్సాకు వచ్చిన వెనిస్ చిత్రకారుని పటములను చూచి ఈ యూరంతయు కట్టిరని. కథ అందమైనది, సగమే నిజము. ఆ చిత్రకారుడు బెర్నార్డో బెల్లొట్టో. రాజైన స్టానిస్లావు ఆగస్టు కొలువులో నుండి, నగరపు వీథులను కిటికీ కిటికీ లెక్కపెట్టినట్లు వ్రాసి, 1780లో ఇక్కడనే మరణించెను. ఆయన పటములను జర్మనులు ఎత్తుకొనిపోగా, యుద్ధానంతరము తిరిగి తెచ్చిరి. కోటలో వానికొక గది యున్నది. కాని ఆయన ఎక్కువగా వ్రాసినది కోటనుండి దక్షిణముగా పోవు విశాలవీథిని, ప్రభువుల మేడలను. అక్కడి కట్టడములకే ఆ పటములు ఎక్కువగా ఉపయోగపడినవి. అందమునకై చిత్రకారుడు అక్కడక్కడ కల్పించి వ్రాసిన అలంకారములు కూడ కొన్ని నిజమైన గోడలపైకి ఎక్కినవి! ఈ బజారుచౌకు యిండ్లకు ఆధారము మాత్రము ముఖ్యముగా ఇందాక చెప్పిన పటములును, పాత ఛాయాచిత్రములును, మిగిలిన గోడమొదళ్లును. పేరు లేని విద్యార్థుల కొలబద్దకంటె పేరుపడ్డ చిత్రకారుని కుంచె కథకు బాగుండునని కాబోలు, చెప్పువారు ఆయననే చెప్పుదురు.

ఇండ్ల ముఖములను పాతవానివలె కట్టిరి గాని వెనుకభాగములను కట్టలేదు. యుద్ధమునకు పూర్వము ఈ పేటలో బీదలు ఎక్కువ. పెరళ్లనిండ కొట్టములు లేచి, గాలి వెలుతురు లేక, ఒక్కొక్క గదిలో సంసారము లిరుకుకొని యుండెడివి. క్రొత్తగా కట్టునప్పుడు ఆ కొట్టములను వదలి పెరళ్లను తెరపిచేసిరి. లోపల నీటికుళాయి, స్నానపుగది మొదలగు వసతులతో కాపురపు గదులు ఏర్పరచిరి. గోడలమీది రంగుల చిత్రములలో పెక్కు 1953లో నాటి చిత్రకారులు తమ యూహతో వేసినవే. పాతదంతయు పవిత్రమని మురికిని కూడ మరల కట్టవలెనని ఎవడును కోరడు గదా.

బజారు దాటి ఉత్తరముగా పోయినచో బార్బికన్ అను అర్ధవర్తులపు ఇటుకకోట ద్వారము వచ్చును. 1548లో కట్టిన ఈ బురుజు కాలక్రమమున ఇండ్ల నడుమ మునిగి, యుద్ధమునకు ముందే చాలవరకు లేకుండపోయి యుండెను. పాత చెక్కడపు పటముల నాధారము చేసికొని 1952 మొదలు 1954 వరకు దీనిని నిలిపిరి. ఇటుకలను చూడుడు, పాతవిగా కనబడును. అవి పాతవే, కాని ఈ యూరివి కావు. యుద్ధానంతరము సరిహద్దులు మారి, జర్మనీనుండి పోలండుకు సంక్రమించిన పడమటి జిల్లాలలో వ్రోత్స్వావు మొదలగు పట్టణములుండెను. అవియు బాంబులకు శిథిలమైనవే. అక్కడి పాడుగోడలను, కొన్నిచోట్ల బాగుచేయదగిన యిండ్లను సైతము విప్పి, ఇటుకలను రైళ్లకెత్తి వార్సాకు తెచ్చిరి. రాజధాని లేచుటకు ఆ యూళ్లలోని పురాతన వీథులు ఇంకను బోసిపోయెను. దేశమంతయు కలసి తన రాజధానిని కట్టుకొనుచున్నదని నాడు గోడలపై వ్రాసిరి. ఆ మాటకు ఇట్టి అర్థము కూడ నొకటి కలదు. ఈ సంగతిని మార్గదర్శకులందరును చెప్పరు. చెప్పినవాడు మంచి మార్గదర్శకుడని నేనందును.

బురుజునుండి పాత ప్రాకారము వెంట నాలుగడుగులు నడచినచో గోడ నానుకొని ఒక బాలుని కంచువిగ్రహము. తలకు మించిన ఇనుపటోపీ, కాళ్లకు పెద్దల బూట్లు, చేత తుపాకి. 1944 పోరులో జాబులు మోసిన, వార్తలు చేరవేసిన, పోరాడి చనిపోయిన పిల్లలకు గురుతుగా 1983లో దీనిని నిలిపిరి. అక్కడ మార్గదర్శకుడు ఎక్కువ మాటలాడడు. కొందరు పువ్వులు పెట్టిపోవుదురు. పిల్లలను పోరులోనికి రానిచ్చుట తగునా యని పోలండులోనే తర్కించువారున్నారు. ఆ తర్కము న్యాయమని నేనును తలచెదను.

1980లో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ ఈ పేటను ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చెను. పాతదని కాదు, ఒక చరిత్రను దాదాపు సంపూర్ణముగా మరల కట్టుటకు ఇది అసాధారణమైన ఉదాహరణమని. 2011లో పునర్నిర్మాణ కార్యాలయపు కాగితములును ఆ సంస్థవారి ప్రపంచస్మృతి పట్టికలో చేరినవి. గోడలతోపాటు దస్తరమునకును మర్యాద దక్కినది.

సాధారణముగా నడక ఇక్కడ ముగియును. యాత్రికులు కాఫీ త్రాగుటకు చౌకులోనికి మరలుదురు. నా మాట వినువారు ఇంకొక పావుగంట పడమరగా నడువవలెను. ఆ పేట పేరు మురానూవు. యుద్ధమునకు ముందు వార్సా జనులలో ఇంచుమించు మూడవవంతు యూదులు. వారిలో పెక్కురు ఈ ప్రాంతమున కాపురముండిరి. జర్మనులు ఇక్కడ చుట్టును గోడ కట్టించి, నాలుగు లక్షలకు పైగా యూదులను అందులో మూసిరి. 1942 వేసవిలో వారిలో రెండున్నర లక్షలకు తక్కువ కాకుండ రైళ్లలో త్రెబ్లింకా అను వధ్యస్థానమునకు పంపి చంపిరి. మిగిలినవారు 1943 ఏప్రిలులో తిరుగబడగా, పేటనంతటిని కాల్చి నేలమట్టము చేసిరి. ఈ పేటకు జాహ్వాతోవిచ్ వంటి పట్టుదలగలవాడు లేడు. పాతవీథులను ఉన్నదున్నట్లు కట్టుదమని అడుగుటకు ఇక్కడివారెవరు మిగిలియుండిరి? యుద్ధానంతరము ఇక్కడ క్రొత్త ఫక్కిలో నివాసగృహములు కట్టిరి. ఎత్తి పారవేయుటకు వీలుకానంత శిథిలముండుటచే దానిని గుట్టలుగా సర్ది, వానిమీదనే పునాదులు వేసిరి. అదే శిథిలమును పొడిచేసి, సిమెంటు కలిపి, గోడలకు దిమ్మలు పోసిరి. ఆ యిండ్లలో నేడును సంసారము లున్నవి, కిటికీలలో పూలకుండీ లున్నవి. వీథిమట్టమునుండి వాకిలి చేరవలెనన్న అక్కడ పెక్కిండ్లకు ముందుగా కొన్ని మెట్లు ఎక్కవలెను. ఆ మెట్ల క్రిందనున్నది పాతపేట.